స్విచ్ ఆటోలోనే ఉండాలంటే: హీటింగ్, వెంటిలేషన్, ఏసీ వ్యవస్థలకు కంట్రోల్ ఎలా ఎంచుకోవాలి

ఏ భవనానికి వెళ్ళినా నేను ముందు ప్లాంట్ రూమ్‌లోని మోటార్ ప్యానెళ్ళ దగ్గరికి పోతాను. ప్రతి ఫ్యాన్‌కీ, ప్రతి పంపుకీ అక్కడొక తిప్పుడు స్విచ్ ఉంటుంది: హ్యాండ్, ఆఫ్, ఆటో. హ్యాండ్ అంటే మనిషి చేత్తో నడపడం, ఆటో అంటే కంట్రోలర్ తనంతట తాను నడపడం. ఆ స్విచ్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే ఆ భవనం కంట్రోల్ సంగతి సగం తెలిసిపోతుంది. పదింట్లో ఏడు హ్యాండ్‌లో ఉన్నాయంటే, పైన కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ఎన్ని రంగుల బొమ్మలు తిరుగుతున్నా ఆ వ్యవస్థ పనిచేయడం లేదన్నమాటే. ఎప్పుడో ఒక రాత్రి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వస్తుంటే ఆపరేటర్ స్విచ్ తిప్పేసి ఉంటాడు. మళ్ళీ ఆటోలో పెట్టే ధైర్యం ఆ తర్వాత ఎవరికీ వచ్చి ఉండదు.

అందుకే ఏ రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవలసి వచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఐదేళ్ళ తర్వాత కూడా ఈ స్విచ్ ఆటోలోనే ఉంటుందా? కరెంటు ఆదా, గదిలో సుఖం, యంత్రాల ఆయుష్షు అన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. కింద చెప్పే పోలికలన్నీ ఆ కొలతతోనే చేశాను.

సీక్వెన్స్ ముందు, సామాను తర్వాత

చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీ కంట్రోలర్ మంచిది?" అని. అది అన్నిటికంటే చివర అడగాల్సిన ప్రశ్న. ముందు కావలసింది కాగితం మీద రాసిన సీక్వెన్స్ ఆఫ్ ఆపరేషన్. ఫ్యాన్ ఎప్పుడు స్టార్ట్ కావాలి, అంతకు ముందు ఏ డ్యాంపర్ (గాలి దారిలోని తలుపు) తెరుచుకోవాలి, చల్లనీటి వాల్వ్ ఏ సెన్సర్ మాట వినాలి, ఆ సెన్సర్ పాడైతే ఏం చేయాలి, కరెంటు పోయి వచ్చాక దేని వెనక ఏది స్టార్ట్ కావాలి, ఇవన్నీ అందులో ఉండాలి. "గది ఉష్ణోగ్రతను బట్టి వాల్వ్ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన డిజైన్లు బోలెడు చూశాను. ఆ వాక్యం చేతికిస్తే ప్రోగ్రామర్ తనకు తోచింది రాస్తాడు. తప్పు అతనిది కాదు, అతనికి చెప్పాల్సింది మనం చెప్పలేదు.

రాతలో తప్పిపోయే చిన్న విషయాలే తర్వాత పెద్ద ఖర్చవుతాయి. ఉదాహరణకు ఒకే గదికి హీటింగ్ సెట్‌పాయింట్ (చేరాల్సిన విలువ) 22, కూలింగ్ సెట్‌పాయింట్ 22 అని పెట్టారనుకోండి. వేడి వాల్వ్, చల్లనీటి వాల్వ్ రెండూ రోజంతా ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. గదిలో కూర్చున్నవారికి తేడా తెలియదు, ఫిర్యాదూ రాదు, బిల్లు మాత్రం వస్తుంది. అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే ఇచ్చిన 90.1 ప్రమాణం ఈ రెండిటి మధ్య కనీసం 3 సెల్సియస్ డిగ్రీల ఖాళీ ఉండాలని అడిగేది ఇందుకే.

సీక్వెన్స్ సొంతంగా రాసుకోవాలా, తయారుగా ఉన్నది తీసుకోవాలా? ఆష్రే 2018లో గైడ్‌లైన్ 36 పేరుతో ఎయిర్ హ్యాండ్లర్లకు (గాలిని చల్లబరిచి లేదా వేడిచేసి గాలి గొట్టాల్లోకి, అంటే డక్టుల్లోకి పంపే ఏహెచ్‌యూలకు), వీఏవీ బాక్సులకు (ఒక్కొక్క గదికి వెళ్ళే గాలిని పెంచి తగ్గించే పెట్టెలకు) పూర్తి సీక్వెన్సులను ప్రచురించింది. 2021 ముద్రణలో చల్లనీటి ప్లాంట్లు, వేడినీటి ప్లాంట్లు కూడా చేరాయి. వీఏవీ బాక్సులు ఎక్కువగా ఉన్న భవనమైతే అదే తీసుకోండి. ఎంతోమంది అనుభవం మీద తేలిన తర్కం అది, మనం ఒంటరిగా కూర్చుని రాసేదాని కంటే మేలుగా ఉంటుంది. రెండు ఏహెచ్‌యూలు, నాలుగు ఫ్యాన్‌కాయిళ్ళు (ఒక ఫ్యాన్, ఒక కాయిల్ ఉండే చిన్న గది యూనిట్లు) ఉన్న చిన్న భవనానికి మాత్రం అది మోయలేని బరువు. అక్కడ ఆపరేటర్ చదివి అర్థం చేసుకోగలిగేలా మీరే రెండు పేజీలు రాయండి, చాలు. అర్థం కాని తర్కాన్ని ఆపరేటర్ నమ్మడు. నమ్మనిదాన్ని హ్యాండ్‌లో పెడతాడు.

థర్మోస్టాటా, డీడీసీనా, పీఎల్‌సీనా

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ 1883లో ఎలక్ట్రిక్ థర్మోస్టాట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. గదిలో ఉన్న కొలత, యంత్రాన్ని నడిపేవాడికి ఎలా చేరాలి అన్నదే అతని సమస్య. ఇప్పటికీ మన సమస్య అదే. చేరవేసే దారి ఒక్కటే మారింది.

ఒక గది, ఒక యంత్రం ఉంటే మంచి థర్మోస్టాట్ చాలు. ప్రోగ్రామబుల్ రకం తీసుకుని పని వేళలకు ఒకటి, ఖాళీ వేళలకు ఒకటి సెట్‌పాయింట్ పెట్టుకోండి. అంతకు మించి డబ్బు పెట్టనక్కర్లేదు. ఫ్యాన్‌తో డ్యాంపర్, డ్యాంపర్‌తో వాల్వ్, వాల్వ్‌తో పంపు ఇలా ఒకదానికొకటి మాట్లాడుకోవలసిన పరిస్థితి వచ్చినప్పుడే డీడీసీ కంట్రోలర్, అంటే భవనాల కోసం తయారైన చిన్న కంప్యూటర్ లాంటిది, అవసరమవుతుంది.

డీడీసీ, పీఎల్‌సీల మధ్య ఎంపికే ఎక్కువ వాదనలు తెస్తుంది. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్. అది కొన్ని మిల్లీసెకన్లలో తన ప్రోగ్రామ్‌ను ఒక చుట్టు చుట్టేస్తుంది, గట్టిది, కావాలంటే ఒకటి ఆగితే రెండోది అందుకునేలా జంటగా పెట్టుకోవచ్చు. కానీ గది ఉష్ణోగ్రత కదలడానికి నిమిషాలు పడుతుంది. అక్కడ మిల్లీసెకన్ల వేగం చేసే మేలేమీ లేదు. టైమ్ షెడ్యూలు, సెలవుల క్యాలెండర్, ట్రెండ్ (విలువ కాలంతో ఎలా మారిందో చూపే గీత), అలారం, ఆప్టిమమ్ స్టార్ట్ (పని వేళకు గది సిద్ధమయ్యేలా ముందే స్టార్ట్ చేయడం) లాంటివి డీడీసీలో పుట్టుకతోనే ఉంటాయి. పీఎల్‌సీలో వాటిని ఒక్కొక్కటిగా కట్టుకోవాలి, ఎవరు కడితే వాళ్ళ పద్ధతిలో ఉంటాయి. కట్టినవాడు వెళ్ళిపోతే తర్వాత వచ్చినవాడికి అది అడవి.

ఆఫీసు, బడి, హోటల్, దుకాణాల సముదాయం లాంటివాటికి నా సలహా డీడీసీనే. గదుల మధ్య గాలి ఒత్తిడి వరసను క్షణం కూడా వదలకూడని క్లీన్‌రూములు, ఒక కంట్రోలర్ ఆగినా చల్లదనం ఆగకూడని డేటా సెంటర్లు, ఫ్యాక్టరీలో ఇప్పటికే పీఎల్‌సీలతో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్లు ఉన్న చోట్లు అయితే పీఎల్‌సీ. ఈ చివరి కారణాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేను మాత్రం దాన్నే అన్నిటికంటే ముందు చూస్తాను. అర్ధరాత్రి రెండింటికి అలారం మోగితే టార్చిలైటు పట్టుకుని వచ్చే మనిషికి ఏది తెలుసో అదే మంచి కంట్రోలర్.

చిల్లర్లు (నీటిని చల్లబరిచే యంత్రాలు), రూఫ్‌టాప్ యూనిట్ల లాంటి వాటికి ఫ్యాక్టరీ నుంచే సొంత కంట్రోలర్ వస్తుంది. దాన్ని పీకేసి మీది పెట్టకండి. కంప్రెసర్‌ను కాపాడే లెక్కలు తయారుచేసినవాడికే తెలుసు. బయటి నుంచి స్టార్ట్ ఆజ్ఞ, సెట్‌పాయింట్ ఇవ్వండి, మిగతా విలువలు చదువుకోండి. పాత భవనాల్లో ఇంకా 3 నుంచి 15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో నడిచే న్యుమాటిక్ కంట్రోళ్ళు ఉంటే, కంప్రెసర్ గాలిలో నూనె, తేమ ట్యూబుల్లోకి చేరాయేమో చూడండి. చేరి ఉంటే మరమ్మతుల మీద పెట్టే డబ్బు వృథా, మార్చేయడమే నయం.

ఆన్-ఆఫ్‌ను చిన్నచూపు చూడకండి

ఆన్-ఆఫ్ కంట్రోల్ అనగానే పాతకాలపుదని పెదవి విరుస్తారు. చిన్న కంప్రెసర్‌కు, యూనిట్ హీటర్‌కు, బరువైన గోడలున్న గదిలోని ఫ్యాన్‌కాయిల్‌కు అదే సరైనది. అక్కడ కావలసినవి రెండే. ఆన్ అయ్యే చోటుకీ ఆఫ్ అయ్యే చోటుకీ మధ్య ఒక డిగ్రీ దాకా తేడా, కంప్రెసర్ ఆగాక మళ్ళీ స్టార్ట్ కాకుండా మూడు నుంచి ఐదు నిమిషాల విరామం. ఈ రెండూ లేకపోతే యంత్రం టక్కుటక్కున కొట్టుకుని త్వరగా చస్తుంది.

వాల్వ్‌నూ, ఫ్యాన్ వేగాన్నీ కొద్దికొద్దిగా కదిలించాల్సిన చోట పీఐ లూప్ (ప్రొపోర్షనల్, ఇంటెగ్రల్ అనే రెండు లెక్కలతో సరిదిద్దేది) కావాలి. ప్రొపోర్షనల్ ఒక్కటే ఉంటే సెట్‌పాయింట్‌కు ఎప్పుడూ కాస్త దూరంలోనే ఆగిపోతుంది, ఆ మిగిలిన దూరాన్ని ఇంటెగ్రల్ లాగుతుంది. మూడో లెక్క డెరివేటివ్ (మార్పు వేగాన్ని చూసేది) జోలికి గాలి, నీళ్ళ లూపుల్లో నేను పోను. సెన్సర్ కొలతలోని చిన్న చిన్న కుదుపులను కూడా పెద్దవి చేసి యాక్చుయేటర్‌ను (వాల్వ్‌ను కదిపే మోటార్‌ను) వణికిస్తుంది. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు ఇంటెగ్రల్ పోగుపడకుండా లూప్‌ను పూర్తిగా నిలిపివేయాలని సీక్వెన్స్‌లో తప్పక రాయండి. లేకపోతే రాత్రంతా పోగైనది పొద్దున ఫ్యాన్ తిరగగానే వాల్వ్‌ను ఒక్కసారిగా బార్లా తెరుస్తుంది.

ట్యూనింగ్‌కు 1942లో జీగ్లర్, నికోల్స్ ఇచ్చిన పద్ధతి పాఠాల్లో ఇప్పటికీ ఉంది. గెయిన్ (తేడాకు లూప్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) పెంచుతూ పోయి, లూప్ ఆగకుండా ఊగే చోటు పట్టుకుని, అక్కడి నుంచి లెక్క వేసుకోవడం ఆ పద్ధతి. ఆ లెక్క ఇచ్చే సంఖ్యలు ఏసీ లూపులకు దూకుడెక్కువ. ఊగే చోటు పట్టుకున్నాక గెయిన్‌ను సగం కంటే కూడా తగ్గించి, ఇంటెగ్రల్‌ను నెమ్మదిగా ఉంచడమే నా అలవాటు. గది సెట్‌పాయింట్‌కు ఐదు నిమిషాలు ఆలస్యంగా చేరినా ఎవరూ ఫిర్యాదు చేయరు. చల్లగాలి ఒక నిమిషం, వెచ్చటి గాలి ఒక నిమిషం మెడ మీద తగిలితే మాత్రం ఊరుకోరు.

పెద్ద హాలైతే గది సెన్సర్‌ను నేరుగా వాల్వ్‌కు కట్టకండి. గది సెన్సర్ సప్లై గాలి ఎంత చల్లగా ఉండాలో చెప్పాలి, డక్ట్‌లోని సెన్సర్ ఆ మాట ప్రకారం వాల్వ్‌ను కదపాలి. కాస్కేడ్ అంటారు దీన్ని. లూపులు రెండవుతాయి, ట్యూనింగ్ పని కాస్త పెరుగుతుంది, కానీ నీళ్ళ ఉష్ణోగ్రతలో వచ్చే ఒడిదుడుకులు గదిదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతాయి.

తప్పంతా ట్యూనింగ్‌దే కాదు

ఒకసారి ఒక ఏహెచ్‌యూ సప్లై గాలి ఊగుతోందని పిలిచారు. సెట్‌పాయింట్ 13 డిగ్రీలు. ట్రెండ్ గీస్తే రంపం పళ్ళలా పదికి దిగి పదిహేడుకు ఎక్కి మళ్ళీ పదికి దిగుతోంది. నేను వెళ్ళేసరికే ముగ్గురు మూడు రకాలుగా గెయిన్ మార్చి చూశారు. ఆపరేటర్ వాళ్ళకంటే తెలివైన పని చేశాడు. యాక్చుయేటర్ మీది బటన్ నొక్కి, వాల్వ్ స్పిండిల్‌ను చేత్తో తిప్పి, గాలి బాగుందనిపించిన చోట ఆపి, మార్కర్‌తో గీత గీసి, కమాండ్ వైరు ఊడదీసి పక్కకు మడిచిపెట్టాడు. ఆ గీత దగ్గర వాల్వ్ ఎంత తెరుచుకుని ఉందో చూశాను. పదిహేను శాతం. జవాబు అతనే రాసి పెట్టాడు, ఎవరూ చదవలేదు.

పైపు ఎంత సైజో వాల్వ్ కూడా అంతే సైజుది పెట్టేశారు. అంత పెద్ద వాల్వ్ పదిహేను శాతం తెరుచుకుంటేనే కాయిల్‌కు కావలసిన నీళ్ళన్నీ వచ్చేస్తాయి. ఇక మిగిలిన ఎనభై ఐదు శాతం ప్రయాణం ఎందుకూ పనికిరాదు. అప్పుడు ఏ పీఐ లూప్ అయినా ఆన్-ఆఫ్ లాగే ప్రవర్తిస్తుంది. చిన్న వాల్వ్ మార్చాక పాత గెయిన్లతోనే గీత సాఫుగా వచ్చింది.

అందుకని వాల్వ్ ఎంచుకునేటప్పుడు అథారిటీ లెక్క అడగండి. వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు దాని మీద పడే ఒత్తిడిని, ఆ శాఖ మొత్తం మీద పడే ఒత్తిడితో భాగిస్తే వచ్చేది అథారిటీ. సగం చుట్టుపక్కల ఉంటే మంచిది, పావు కంటే తగ్గితే చేతిలో ఉండదు. రకం విషయానికొస్తే కాయిళ్ళకు ఈక్వల్ పర్సెంటేజ్ (ప్రవాహాన్ని మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా పెంచే రకం) తీసుకోండి. వేడినీటి కాయిల్‌కు నీళ్ళు ఐదో వంతే వెళ్ళినా వేడి సగం దాకా వచ్చేస్తుంది. ఆ వంపుకు ఎదురు వంపున్న వాల్వ్ పెడితే రెండూ కలిసి దాదాపు తిన్నగా పనిచేస్తాయి.

పీఐసీవీ అనే ఒత్తిడి ప్రభావం లేని వాల్వులు ఈ లెక్కల తలనొప్పిని చాలావరకు తీసేస్తాయి. పక్క శాఖలో ఏం జరిగినా తన ప్రవాహం మారదు, బ్యాలెన్సింగ్ పనీ తగ్గుతుంది. లోపలి దారులు సన్నగా ఉంటాయి కనుక నీళ్ళు శుభ్రంగా ఉండాలి. పైపులు సరిగ్గా కడగకుండా, స్ట్రెయినర్ పెట్టకుండా అవి బిగిస్తే మొదటి ఏడాదే మూసుకుపోతాయి. శాఖలు ఎక్కువ, పంపు వేగం మారేది అయితే పీఐసీవీ. నీళ్ళ శుభ్రత మీద నమ్మకం లేకపోతే సరైన సైజు మామూలు వాల్వ్.

టూ-వే, త్రీ-వే వాల్వుల మధ్య కొత్త ప్లాంట్లలో నేను టూ-వేనే ఎంచుకుంటాను. త్రీ-వేలో కాయిల్‌కు అక్కర్లేని చల్లనీళ్ళు పక్కదారిన చిల్లర్‌కే తిరిగి పోతాయి, పంపు ఎప్పుడూ పూర్తి నీళ్ళే తోడుతుంది. టూ-వే పెట్టి పంపుకు వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) పెడితే లోడు తగ్గినప్పుడు పంపూ తగ్గుతుంది. చిల్లర్‌కు కావలసిన కనీస ప్రవాహం కోసం ఒక బైపాస్ మాత్రం మరవకూడదు. మూడు పాయింట్ల ఫ్లోటింగ్ యాక్చుయేటర్లు (తెరువు, మూయి, ఆగు అన్న ఆజ్ఞలు మాత్రమే ఉన్నవి) చిన్న ఫ్యాన్‌కాయిళ్ళకు సరే, ఏహెచ్‌యూలకు వద్దు. అసలు వాల్వ్ ఎక్కడుందో కంట్రోలర్‌కు తెలియదు, సమయాన్ని బట్టి ఊహించుకుంటుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట బయటిగాలి డ్యాంపర్‌కు, హీటింగ్ వాల్వ్‌కు స్ప్రింగ్ రిటర్న్ రకమే తీసుకోండి. కరెంటు పోగానే డ్యాంపర్ మూసుకోవాలి, వేడినీటి వాల్వ్ తెరుచుకోవాలి.

ఫ్యాన్ వేగం: ఎక్కడ కొలుస్తున్నారన్నదే అసలు ప్రశ్న

ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గితే గాలి కూడా 80 శాతం అవుతుంది, కరెంటు మాత్రం 51 శాతానికి పడిపోతుంది. వేగం ఘనంతో శక్తి మారుతుంది కనుక ఇలా. వీఎఫ్‌డీ అమ్మేవాళ్ళంతా చూపించే లెక్క ఇదే, లెక్కలో తప్పు లేదు. కానీ డక్ట్‌లో ఒత్తిడిని ఎప్పుడూ ఒకే అంకె దగ్గర పట్టి ఉంచే కంట్రోల్‌తో ఆ ఆదా పూర్తిగా రాదు. వీఏవీ డ్యాంపర్లన్నీ సగం మూసుకుని ఉన్నా ఫ్యాన్ మాత్రం అదే ఒత్తిడి కోసం మొండిగా తోస్తూ ఉంటుంది. వేగం ఎంతో కొంత తగ్గుతుంది, ఘనం లెక్క చెప్పినంత తగ్గదు.

స్థిరమైన సెట్‌పాయింట్ పెట్టాలా, మారే సెట్‌పాయింట్ పెట్టాలా అన్న ఎంపిక వచ్చేది ఇక్కడే. స్థిరమైనదైతే సెన్సర్‌ను ఫ్యాన్ దగ్గర కాకుండా పొడవైన డక్ట్‌లో మూడింట రెండు వంతుల దూరంలో పెట్టడం పాత అలవాటు, అది కొంత మేలు. మారేది ఇంకా మేలు. గైడ్‌లైన్ 36లోని ట్రిమ్ అండ్ రెస్పాండ్ అదే చేస్తుంది. రెండేసి నిమిషాలకొకసారి కంట్రోలర్ సెట్‌పాయింట్‌ను కొద్దిగా, ఉదాహరణకు 12 పాస్కల్ తగ్గిస్తుంది. గాలి చాలని బాక్సులు "నాకు కావాలి" అని రిక్వెస్ట్ పంపుతాయి, అప్పుడు పెంచుతుంది. అడిగేవాళ్ళు లేనంతసేపూ ఒత్తిడి దిగుతూనే ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. డ్యాంపర్ ఇరుక్కుపోయిన బాక్సు, ఎండ పడే మూలగదిలో 18 డిగ్రీలు అడిగే థర్మోస్టాట్, ఇలాంటిది ఒక్కటి ఉన్నా రోజంతా రిక్వెస్టులు పంపుతూనే ఉంటుంది, భవనం మొత్తం ఒత్తిడి దానికోసం పైకెక్కి కూర్చుంటుంది. ఒకటి రెండు రిక్వెస్టులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే వీలు గైడ్‌లైన్‌లోనే ఉంది, దాన్ని వాడండి. ఏ బాక్సు ఎక్కువసార్లు అడుగుతోందో వారానికొకసారి చూసే మనిషి ఉంటే ఈ పద్ధతి తీసుకోండి. ఆ మనిషి లేకపోతే స్థిరమైన సెట్‌పాయింట్‌ను వీలైనంత తక్కువలో పెట్టుకోవడమే నిజాయితీ గల ఎంపిక.

సెన్సర్లు, వాటి చోటు

ఉష్ణోగ్రత సెన్సర్లలో సాధారణంగా ఎదురయ్యేవి మూడు: పీటీ100, పీటీ1000, 10కె థర్మిస్టర్. మూడూ వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారేవే. రెండే తీగలతో, పొడవైన కేబుల్‌తో కలుపుతున్నారనుకోండి, తీగల నిరోధం మొత్తం 2 ఓమ్‌లు. పీటీ100 డిగ్రీకి 0.385 ఓమ్ మాత్రమే మారుతుంది కనుక కొలత ఐదు డిగ్రీలకు పైగా తప్పు చూపిస్తుంది. పీటీ1000 అయితే అర డిగ్రీ. థర్మిస్టర్ 25 డిగ్రీల దగ్గర డిగ్రీకి నాలుగు వందల ఓమ్‌లకు పైగా మారుతుంది, అక్కడ 2 ఓమ్‌లు లెక్కలోకే రావు. మూడు తీగలో నాలుగు తీగలో లాగేందుకు ఒప్పుకుంటే పీటీ100 బాగానే ఉంటుంది. మామూలు భవనాల్లో థర్మిస్టర్ గానీ పీటీ1000 గానీ తీసుకోండి. థర్మిస్టర్లలో అన్ని 10కెలూ ఒకటి కావని మాత్రం గుర్తుంచుకోండి. వాటి వంపులు వేరు, కంట్రోలర్‌లో అదే రకం ఎంచుకోవాలి.

సిగ్నల్ 0-10 వోల్టులా, 4-20 మిల్లీయాంపులా? దగ్గర దూరాలకు వోల్టు చాలు. వైరు తెగితే మాత్రం 0-10లో సున్నా వస్తుంది, అది నిజమైన సున్నానో తెగిన వైరో కంట్రోలర్‌కు తెలియదు. 4-20లో నాలుగు కంటే తగ్గిందంటే ఏదో తెగిందని వెంటనే తెలుస్తుంది, కేబుల్ ఎంత పొడవైనా విలువ మారదు. ఒత్తిడి, ప్రవాహం లాంటి ముఖ్యమైనవాటికి నేను 4-20నే అడుగుతాను.

గది సెన్సర్ పెట్టే చోటు గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఎండ పడే గోడ, ఫోటోకాపీ యంత్రం పక్కన, డిఫ్యూజర్ (గాలి గదిలోకి వచ్చే జాలి) కింద వద్దని అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది గోడలోపలి పైపు. వైరు వచ్చే ఆ కాండ్యూట్ పైన ఫాల్స్ సీలింగ్‌లో తెరిచి ఉంటే అక్కడి గాలి గొట్టంలో నుంచి దిగి సరిగ్గా సెన్సర్ వీపు మీద ఊదుతుంది. మూత తీసి వేలు పెడితే చల్లగానో వెచ్చగానో గాలి తగులుతుంది. గది ఎంత ఉన్నా సెన్సర్ ఆ సీలింగ్‌ను కొలుస్తూ ఉంటుంది. కాస్త సీలెంట్ కుక్కితే పోయే జబ్బు ఇది. దీనికోసం సెట్‌పాయింట్లు మార్చి మార్చి అలసిపోయినవాళ్ళు ఎందరో.

బయటిగాలి ఎంత తీసుకోవాలన్నది మనుషుల సంఖ్యను బట్టి మారే చోట, అంటే సమావేశ మందిరాలు, తరగతి గదుల్లో, కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టడం లాభం. ఒకే సంఖ్యలో జనం ఉండే ఆఫీసుకు స్థిరమైన గాలి సరిపోతుంది. చాలా సెన్సర్లు తమను తాము సరిదిద్దుకునే పద్ధతి ఒకటి ఉంది: కొన్ని రోజుల్లో కనిపించిన అతి తక్కువ విలువను బయటిగాలి విలువగా అనుకుంటాయి. రాత్రీపగలూ జనం ఉండే భవనంలో గాలి ఆ స్థాయికి ఎప్పటికీ దిగదు, సెన్సర్ రోజురోజుకూ తప్పుతూ పోతుంది. అలాంటి చోట ఆ పద్ధతి ఆపేసే వీలున్న రకాన్ని లేదా రెండు ఛానెళ్ళ రకాన్ని తీసుకోండి.

బయట చల్లగా ఉన్నప్పుడు ఆ గాలినే వాడుకునే ఎకనమైజర్‌కు ఎంథాల్పీ (గాలిలోని వేడి, తేమ రెండూ కలిపిన) లెక్క పెట్టాలా, ఉత్త ఉష్ణోగ్రత చాలా అన్నది కూడా తరచూ వచ్చే ప్రశ్న. కాగితం మీద ఎంథాల్పీయే గెలుస్తుంది. కానీ అది తేమ సెన్సర్ మీద ఆధారపడుతుంది, తేమ సెన్సర్లు ఆరుబయట త్వరగా తప్పుతాయి. ఏటా వాటిని సరిచూసే ఏర్పాటు లేకపోతే ఉష్ణోగ్రత హద్దుతోనే వెళ్ళండి.

బ్యాక్‌నెట్టా, మోడ్‌బస్సా

ఇవి రెండూ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషలు. మోడ్‌బస్‌ను 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం తెచ్చింది. తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరైనా చదవగలరు. అది ఇచ్చేది ఉత్త అంకె. ఒక రిజిస్టర్‌లో 235 అని ఉంటే అది 23.5 డిగ్రీలా, 235 పాస్కలా అని చెప్పదు, తయారీదారు ఇచ్చిన పట్టిక చేతిలో ఉండాలి. బ్యాక్‌నెట్‌ను ఆష్రే భవనాల కోసమే తయారుచేసి 1995లో 135వ ప్రమాణంగా ప్రచురించింది. అందులో ప్రతి విలువకూ పేరు, కొలమానం, స్థితి వెంట వస్తాయి. ఎనర్జీ మీటర్లు, వీఎఫ్‌డీల లాంటి ఒంటరి పరికరాల నుంచి నాలుగు అంకెలు చదవడానికి మోడ్‌బస్ చాలు. కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట బ్యాక్‌నెట్.

బ్యాక్‌నెట్‌లో ఆజ్ఞలకు పదహారు మెట్ల ప్రాధాన్యం ఉంది. ఆపరేటర్ చేత్తో ఇచ్చే ఆజ్ఞ ఎనిమిదో మెట్టు మీద కూర్చుంటుంది, మామూలు ప్రోగ్రామ్ దానికంటే కింద ఉంటుంది. ఎవరో ఒక రోజు స్క్రీన్ మీద వాల్వ్‌ను వంద శాతానికి పెట్టి, విడుదల చేయడం మర్చిపోయారనుకోండి. అది అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ప్యానెల్ మీద స్విచ్ ఆటోలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం అది హ్యాండే. కనుక ఎనిమిదో మెట్టు మీద నిలిచి ఉన్న ఆజ్ఞలన్నిటినీ ఒక్క పేజీలో చూపించే నివేదిక ఇవ్వగలరా అని బీఎంఎస్ (భవనం మొత్తం కంట్రోల్ వ్యవస్థ) ఇచ్చేవాళ్ళను అడగండి. ఇవ్వలేనిదైతే స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

వైర్ల విషయంలో ఆర్ఎస్-485 అనే తీగల మీద నడిచే బ్యాక్‌నెట్ రకం ఎంఎస్/టీపీ ఇంకా చవక, గది కంట్రోలర్లకు చాలు. ఒకదాని నుంచి ఒకటిగా గొలుసులా లాగాలి, కొమ్మలు వేయకూడదు, రెండు చివర్లా 120 ఓమ్ నిరోధాలు ఉండాలి. ఈ మూడూ పాటించని చోట్ల నెట్‌వర్క్ తరచూ పడిపోతుందని ఫిర్యాదులు వింటూ ఉంటాం. పెద్ద కంట్రోలర్లకు, ప్లాంట్‌కు ఐపీ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేది) తీసుకోండి. వైర్‌లెస్ గోడలు తవ్వలేని చోట్ల గది సెన్సర్లకు మాత్రమే. బ్యాటరీలు ఎవరు మారుస్తారో ముందే రాసుకోండి.

రక్షణ మాత్రం ఏ నెట్‌వర్క్ మీదా, ఏ సాఫ్ట్‌వేర్ మీదా పెట్టకండి. ఫ్రీజ్‌స్టాట్ (కాయిల్ గడ్డకట్టేంత చలిని పట్టే స్విచ్), డక్ట్ పొగ డిటెక్టర్, ఒత్తిడి హద్దు దాటితే ఫ్యాన్ ఆపే స్విచ్, ఇవన్నీ స్టార్టర్ సర్క్యూట్‌లో వైరుతోనే ఉండాలి. స్విచ్ హ్యాండ్‌లో ఉన్నా పనిచేయాలి. కంట్రోలర్‌కు కబురు అందితే చాలు, నిర్ణయం దానిది కాకూడదు.

అదే కారణంతో క్లౌడ్‌లో నడిచే కంట్రోల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నివేదికలకు, పోలికలకు, తప్పులు వెతకడానికి క్లౌడ్ మంచిది. లూప్ మాత్రం ఆ యంత్రం దగ్గరి కంట్రోలర్‌లోనే నడవాలి. ఇంటర్నెట్ తెగితే గది వేడెక్కే ఏర్పాటును ఏ ఆపరేటరూ రెండోసారి క్షమించడు.

ఒప్పందంలో రాయించుకోవలసినవి

కొటేషన్లు పోల్చేటప్పుడు పాయింట్ల సంఖ్య, కంట్రోలర్ల ధర పక్కపక్కన పెట్టి చూస్తారు. వాటికంటే ముందు నేను చూసేవి వేరు. ప్రోగ్రామ్ సోర్స్, దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ లైసెన్సు యజమాని పేరు మీద ఇస్తారా? ఇవ్వకపోతే ఒక టైమర్ మార్చాలన్నా వాళ్ళనే పిలవాలి, వాళ్ళు వచ్చేలోపు స్విచ్ హ్యాండ్‌కు పోతుంది. ప్రతి లూప్‌కూ సెట్‌పాయింట్ మార్చి, గీత ఎలా స్థిరపడిందో చూపే ట్రెండ్ అప్పగింత పత్రాల్లో ఉంటుందా? ప్రతి సెన్సర్‌నూ చేతి పరికరంతో పోల్చిన పట్టిక ఇస్తారా? ఆపరేటర్లకు శిక్షణ ఒకసారేనా, రెండుసార్లా?

రెండోసారి శిక్షణ అప్పగించిన ఆరు నెలల తర్వాత ఉండాలి. మొదటిసారి వాళ్ళకు ప్రశ్నలే ఉండవు, ఆరు నెలల తర్వాత చేతినిండా ఉంటాయి. కమిషనింగ్‌కు (నడిపి చూసి సరిచేసే పనికి) కూడా రెండో విడత అదే సమయంలో పెట్టించుకోండి. నిండు వేసవిలో ట్యూన్ చేసిన చల్లనీటి లూప్ చలికాలంలో, వాల్వ్ పది శాతం దగ్గర మెదులుతున్నప్పుడు, వేరేలా ప్రవర్తిస్తుంది. ఆ రోజు మోటార్ ప్యానెళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క స్విచ్ ఎటు ఉందో రాసుకోండి, హ్యాండ్‌లో ఉన్న ప్రతిదాని పక్కన కారణం ఆపరేటర్‌నే అడిగి అతని మాటల్లోనే రాయండి. రెండో విడత పనుల జాబితా అదే.